రాత్రి గ్యాస్, పక్కనే గురక

రాత్రి ఏ రెండింటికో గుండెల్లో మంట పుట్టి లేచి కూర్చునేవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? నోట్లోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నుతాయి, గొంతు భగ్గుమంటుంది, ఒక్కోసారి పొలమారి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఇంట్లోవాళ్ళు లైటు వేసి, వీపు రాసి, గ్లాసెడు నీళ్ళలో ఈనో కలిపి ఇస్తారు. "రాత్రిపూట గోంగూర పచ్చడి వద్దన్నానా లేదా" అని ఓ మాట కూడా అంటారు. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటే ఆ రోజుకి ఆ సంగతి ముగుస్తుంది. మళ్ళీ రాత్రికి మామూలే.

అలాంటివాళ్ళు ఉంటే ఈ కబుర్లు వాళ్ళకోసం. అంతకంటే ముఖ్యంగా, వాళ్ళ పక్కన పడుకునేవాళ్ళ కోసం. ఈ జబ్బులో సగం చూసేదీ వినేదీ వాళ్ళే.

మా మావయ్య సంగతి చెబుతాను. ఆయనది తణుకు, కిరాణా వ్యాపారం. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చి భోజనానికి కూర్చునేసరికి పదో, పదిన్నరో. చెయ్యి కడుక్కున్న అరగంటకి మంచం. చొక్కా జేబులో గ్యాస్ మాత్రల షీటు లేని రోజు ఉండేది కాదు. ఎండోస్కోపీ చేయించుకుంటే అన్నవాహిక కింది భాగం కాస్త ఒరుసుకుని ఎర్రబడిందన్నారు. మాత్ర డోసు పెంచారు. పగలు హాయిగా ఉండేది. రాత్రి మంట మాత్రం వదల్లేదు. ఒకసారి ఆయనతో పాటు అత్తయ్య కూడా డాక్టరు దగ్గరకి వెళ్ళింది. ఆవిడ, ఎవరూ అడక్కుండానే ఒక మాట చెప్పింది: "మంటొచ్చి లేచే ముందు ఈయన గురక ఆగిపోతుందండీ."

ఆ మాటే దారి చూపింది.

అత్తయ్య విన్నదేమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మీ ఇంట్లో కూడా జరుగుతూ ఉండవచ్చు. గురక మొదట సన్నగా మొదలవుతుంది. పోనుపోను పెద్దదవుతుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పొట్ట, ఛాతీ కదులుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ఆవిడ కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటుంది. తట్టి లేపుదామా అనుకునేలోపు ఆయన పెద్ద గుర్రుతో, ఒళ్ళంతా ఒక్కసారి కదిలి, ఊపిరి అందుకుంటారు. మళ్ళీ సన్నగా గురక. పొద్దున లేచాక ఇదేదీ ఆయనకి గుర్తుండదు. "ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను" అంటారు. కొట్లో మధ్యాహ్నం గల్లా పెట్టె ముందు కునికిపాట్లు పడితే వయసు మీద పడుతోందని అనుకునేవారు.

దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి, అందరికీ. కొందరిలో ఆ సడలింపు నాలుక వెనక దారి మూసుకునే దాకా వెళుతుంది. కూల్‌డ్రింకు స్ట్రా కింది కొసని వేలితో నొక్కిపట్టి పైకొస నుంచి గట్టిగా పీల్చి చూడండి, స్ట్రా గోడలు లోపలికి అతుక్కుపోతాయి. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా అతుక్కుంటాయి. గొంతులో జరిగేదీ అదే. గాలి పది సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్క పెడతారు. పూర్తిగా ఆగకపోయినా గాలి బాగా తగ్గి రక్తంలో ఆక్సిజన్ పడిపోతే దాన్నీ కలుపుతారు. గంటకి ఇలాంటివి ఐదు లోపుంటే మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే రెండు నిమిషాలకొకసారి ఊపిరి ఆగుతోందన్నమాట. ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి మనిషిని అరనిద్రలోకి లాగి గొంతు తెరిపిస్తుంది. మావయ్యకి చేసిన నిద్ర పరీక్షలో ఈ లెక్క 30 దాటింది.

ఇప్పుడు గ్యాస్ వైపు వద్దాం. మనం గ్యాస్ అనేది చాలాసార్లు గ్యాసే కాదు, జీర్ణాశయంలోని యాసిడ్ పైకి రావడం. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట బిగుసుకుని ఉండే కండరపు కట్టు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ డయాఫ్రమ్ కూడా పట్టి ఉంచుతుంది. ఆ కట్టు అప్పుడప్పుడూ కాసేపు సడలుతుంది, తేన్పు వచ్చేది అప్పుడే. ఆ సమయంలో కొంచెం యాసిడ్ పైకొచ్చినా పగలు మనకి పెద్దగా తెలియదు. నిలబడో కూర్చునో ఉంటాం, నిమిషానికోసారి లాలాజలం మింగుతూ ఉంటాం, అది కిందికి కడిగేస్తుంది. నిద్రలో ఈ రెండు రక్షణలూ పోతాయి. లాలాజలం దాదాపు ఊరడం మానేస్తుంది, మింగడం బాగా తగ్గిపోతుంది, మనిషి అడ్డంగా పడుకుని ఉంటాడు. పైకొచ్చిన యాసిడ్ వచ్చిన చోటే చాలాసేపు నిలిచిపోతుంది. రాత్రి వచ్చే యాసిడ్ పగటి యాసిడ్ కంటే అన్నవాహికని ఎక్కువ గాయపరిచేది అందుకే.

మరి ఈ రెంటికీ లంకె ఏమిటి? ఇక్కడే కాస్త నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే తేలిగ్గా తోచే సమాధానం ఒకటుంది, అది పూర్తిగా నిజం కాదు.

గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. అప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి బాగా పడిపోతుంది, పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. కింద ఒత్తిడి, పైన పీల్పు. యాసిడ్ పైకి రాక ఏం చేస్తుంది అనిపిస్తుంది. చాలాకాలం పుస్తకాల్లోనూ ఇలాగే రాశారు. తరవాత అన్నవాహికలో సన్నటి గొట్టాలు పెట్టి నిద్రలో ఒత్తిడి కొలిచినవాళ్ళు వేరే సంగతి చూశారు. ఊపిరి ఆగినప్పుడు ఆ కండరపు కట్టు కూడా అంతకంత బిగుసుకుంటోంది. శరీరం ఊరికే కూర్చోవడం లేదు, ఎదురు కాస్తోంది. అంటే ప్రతి ఆప్నియా వెనకా యాసిడ్ రావడమన్నది జరగదు.

అయితే నిద్రలో ఆ కట్టు సడలేది ఎక్కువగా ఎప్పుడంటే, నిద్ర ఒక్క క్షణం చెదిరి మెలకువ తొంగిచూసినప్పుడు. గాఢనిద్రలో అది గట్టిగానే ఉంటుంది. ఆప్నియా ఉన్నవాళ్ళ నిద్రేమో రాత్రంతా ముక్కలు ముక్కలు. చెదిరిన ప్రతిసారీ యాసిడ్‌కి ఒక అవకాశం. అత్తయ్య గమనించిన వరస, ముందు గురక ఆగడం, తరవాత మంట, దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట కూడా ఉంది. నిద్ర చాలని మనిషికి అన్నవాహిక సున్నితమైపోతుంది. కంటినిండా నిద్రపోయిన రోజు పట్టని యాసిడ్, నిద్రలేని మర్నాడు భగభగమంటుంది. దీన్ని ప్రయోగం చేసి చూశారు.

ఎదురు దిక్కు నుంచి కూడా ఒక దారి ఉంది. యాసిడ్ గొంతు దాకా వస్తే అక్కడి పొరలు వాస్తాయి, గొంతు బొంగురుపోతుంది, పొద్దున్నే గొంతు సవరించుకుంటూ ఉండాల్సి వస్తుంది. అలా వాచిన గొంతులో గాలి దారి మరింత ఇరుకు కావచ్చు. మంట నిద్రని చెడగొట్టడమైతే ఖాయం. కానీ యాసిడ్ మాత్రలు వాడితే ఆప్నియా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మాత్రలు కొందరికి నిద్ర కాస్త మెరుగుపరచవచ్చు, మూసుకుపోయే గొంతుని తెరిచి ఉంచలేవు.

ఈ రెంటి వెనకా ఉన్న మూడోది పొట్ట. నడుం చుట్టూ పేరుకున్న కొవ్వు జీర్ణాశయాన్ని నొక్కుతుంది, మెడలోనూ నాలుకలోనూ చేరిన కొవ్వు గొంతుని ఇరుకు చేస్తుంది. ఒకే మనిషిలో రెండు జబ్బులూ తరచుగా కలిసి కనపడటానికి దీని వాటాయే అన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. అలాగని లావుగా ఉన్నవాళ్ళకే ఆప్నియా అనుకోకూడదు. మనవాళ్ళకి యూరప్ వాళ్ళ కంటే తక్కువ బరువుకే వస్తుంది. దవడ చిన్నగా, వెనక్కి ఉన్న సన్నటివాళ్ళకీ వస్తుంది. ఆడవాళ్ళలో ముట్లుడిగాక పెరుగుతుంది. ఆడవాళ్ళు గురక పెడతారని చెప్పుకోవడానికే మన ఇళ్ళలో నామోషీ కాబట్టి వాళ్ళ జబ్బు మరీ ఆలస్యంగా బయటపడుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అప్పటిదాకా మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేస్తే పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి ఆప్నియా ఉందని తేలింది. పది కోట్లు దాటిన సంఖ్య అది. 'గ్యాంగ్ లీడర్' పాటలకి చిందులేసిన తరం మనది. ఆ పాటలు కట్టిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాయే. ఆ వార్త వచ్చిన వారం రోజులూ అందరూ దీని గురించి మాట్లాడుకున్నారు. తరవాత గురక మళ్ళీ నవ్వుకునే సంగతి అయిపోయింది.

దీనికి వైద్యం ఎలా పుట్టిందో చెప్పాలి. ఒకప్పుడు తీవ్రమైన ఆప్నియాకి గట్టి వైద్యం అంటే మెడ ముందు భాగంలో రంధ్రం చేసి గొట్టం పెట్టడమే. సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే వైద్యుడు, వాక్యూమ్ క్లీనర్ మోటారు గాలిని ముక్కుకి బిగించిన మాస్కులోంచి పంపి గొంతుని తెరిచి ఉంచవచ్చని చూపించాడు. 1981లో ఐదుగురు రోగుల వివరాలతో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు సీప్యాప్ అంటున్నది అదే, మంచం పక్క బల్ల మీద పట్టేంత చిన్నదైంది.

ఈ సీప్యాప్ యాసిడ్ కథలోకి కూడా వచ్చింది. 2003లో అమెరికాలో 331 మంది ఆప్నియా రోగులని పరిశీలించారు. వాళ్ళలో 62 శాతం మందికి రాత్రిపూట యాసిడ్ పైకి వస్తోంది. సీప్యాప్ క్రమం తప్పకుండా వాడినవాళ్ళలో ఆ బాధ దాదాపు సగానికి తగ్గింది. యంత్రం తెచ్చుకుని వాడనివాళ్ళలో ఏ మార్పూ లేదు. ఇది వినగానే ఆప్నియాయే యాసిడ్‌కి కారణమని తేల్చేయాలనిపిస్తుంది. కానీ ఆప్నియా లేనివాళ్ళకి పెట్టినా సీప్యాప్ యాసిడ్‌ని తగ్గిస్తుంది, ఎందుకంటే లోపలికి పంపే గాలి ఒత్తిడే అన్నవాహికలో పీల్పుని తగ్గించి అడ్డుగా నిలుస్తుంది. కాబట్టి కారణం ఏదన్నది ఇంకా తేలని లెక్క. రోగికి కావలసింది మాత్రం తేలింది. ఆప్నియా ఉండి రాత్రి మంట కూడా ఉంటే, ఆప్నియాకి వైద్యం చేయించుకోవడం వల్ల మంటకీ మేలు జరిగే అవకాశం బాగా ఉంది.

కొందరు సీప్యాప్ పెట్టుకున్నాక గాలి మింగేస్తారు. పొద్దున్నే పొట్ట ఉబ్బి తేన్పులు వస్తాయి. "ఈ మెషిన్ వచ్చాకే నాకు గ్యాస్ ఎక్కువైంది" అని మూల పడేస్తారు. అలా చేయకండి. ఒత్తిడి సరిచేస్తే, మాస్కు మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది. వైద్యుడికి చెప్పాలి, అంతే.

ఇక ఇంట్లో చేసుకోదగ్గవి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మన ఊళ్ళలో, మరీ ముఖ్యంగా హైదరాబాదులో, ఇది చాలా కష్టమని నాకు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చేసరికే తొమ్మిదవుతుంది. అలాంటప్పుడు పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చి, సాయంత్రం ఏడింటికి ఆఫీసులోనే ఏదో తిని, ఇంటికొచ్చాక మజ్జిగతో సరిపెట్టుకోవడం నయం. మావయ్యకి కొట్టుకే క్యారేజీ పంపడం మొదలుపెట్టారు.

తల ఎత్తుగా ఉంచుకోమంటే అందరూ చేసేది రెండు దిండ్లు వేసుకోవడం. దాంతో మెడ వంగి, పొట్ట మడతపడి, ఇటు గొంతూ ఇరుకవుతుంది అటు యాసిడ్‌కీ తోపు దొరుకుతుంది. ఎత్తవలసింది తలని కాదు, మంచాన్ని. తలవైపు రెండు కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. మామూలు ఇటుక మూడంగుళాల మందం ఉంటుంది. కోడు కిందకి రెండేసి ఇటుకలు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరంగుళాలు. ఇటుక మీద పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే కోడు జారదు. నులకమంచం, నవారు మంచం దీనికి పనికిరావు, నడుం దగ్గర కుంగిపోతాయి. మొదటి నాలుగైదు రాత్రులు కిందికి జారుతున్నట్టుంటుంది, తరవాత అలవాటవుతుంది. వాలు మంచం వల్ల గొంతు కూడా కొంత తెరిపిన పడుతుంది.

ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోండి. భోజనం చేశాక ఎడమ పక్కకి వాలాలని మన పెద్దవాళ్ళు చెప్పింది ఈ విషయంలో అక్షరాలా నిజం. ఎడమ పక్కకి పడుకున్నప్పుడు జీర్ణాశయంలోని యాసిడ్ మడుగు ఆ కట్టు కంటే కిందన ఉంటుంది. కుడి పక్కకి తిరిగితే కట్టు మడుగులో మునుగుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఆప్నియా పెరుగుతుంది. ఒక్క ఎడమ పక్క రెండు జబ్బులకీ మంచిది.

మందు తాగితే గొంతు కండరాలూ ఆ కట్టూ రెండూ సడలుతాయి. నిద్రమాత్రలు కూడా డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు, ముఖ్యంగా గురక ఉన్నవాళ్ళు.

గ్యాస్ మాత్ర గురించి ఒక్క మాట. పాంటాప్రజోల్ లాంటివి టిఫినుకి అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి, మంట పుట్టాక అర్ధరాత్రి వేసుకుంటే కాదు. పైగా అవి యాసిడ్ ఘాటుని తగ్గిస్తాయి గానీ జీర్ణాశయంలోంచి నీళ్ళు పైకి రావడాన్ని ఆపవు. డోసు పెంచినా మావయ్యకి రాత్రిళ్ళు పొలమారడం తగ్గకపోవడానికి ఇదొక కారణం.

బరువు తగ్గడం రెంటికీ పెద్ద మందు. ఇప్పుడు దానికి ఇంజెక్షన్లొచ్చాయి. ఊబకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్ళకి టిర్జెపటైడ్‌ని 2024 డిసెంబరులో అమెరికా అనుమతించింది, ఆ మరుసటి సంవత్సరం మన దేశంలోకీ ఆ మందు వచ్చింది. అయితే ఇది జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది కనుక కొందరికి వికారం, పుల్లటి తేన్పులు ఎక్కువ కావచ్చు. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీకి వెళ్ళేవాళ్ళు కూడా యాసిడ్ సంగతి ముందే సర్జన్‌కి చెప్పాలి. అందులో స్లీవ్ అనే రకం ఆపరేషన్ తరవాత ఆప్నియా తగ్గినా యాసిడ్ పెరిగినవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళకి బైపాస్ రకం నయమని చెబుతారు.

ఈ కబుర్లన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఛాతీలో బరువుగా, బిగబట్టినట్టు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో పాకితే అది గ్యాస్ అని ఈనో కలుపుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగిన ఇళ్ళలో ఎంత కష్టం మిగిలిందో మనందరికీ తెలుసు.

మావయ్య ఇప్పుడు మాస్కు పెట్టుకునే పడుకుంటారు. మంట పూర్తిగా పోలేదు, మాత్ర పూర్తిగా మానలేదు. రాత్రి లేచి కూర్చోవడం మాత్రం బాగా తగ్గింది. మధ్యాహ్నం గల్లా పెట్టె ముందు కునుకు లేదు.

మీకో పని అప్పగిస్తాను. మీ పక్కన పడుకునే మనిషికి రాత్రిపూట మంట, పొలమారడం ఉంటే, ఈ వారంలో ఒక రాత్రి మేలుకుని గురక వినండి. గురక ఆగి, పొట్ట కదులుతూ, మళ్ళీ గుర్రుమని అందుకుంటే ఫోనులో వీడియో తీయండి, రెండు మూడు నిమిషాలు చాలు. గ్యాస్ కోసం డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు మీరూ వెంట వెళ్ళి ఆ వీడియో చూపించండి. గురక డాక్టరు దగ్గర చెప్పుకునేదేమిటని మొహమాటపడకండి.